తప్పు దొర్లదు

జూన్ 3, సోమవారం

ఈ రోజు ఐదు అబద్ధాలు దిద్దాను. అచ్చుతప్పులు దిద్దానంటే గౌరవంగా ఉంటుంది కానీ, ఈ నోటుబుక్కు నేను తప్ప ఎవరూ చదవరు కాబట్టి ఉన్నమాట రాసుకోవచ్చు.

ప్రెస్సు పెట్టి ముప్పై ఏళ్ళయిందట. ఆ సందర్భంగా ఒక పుస్తకం వెయ్యాలని మా యజమానికి బుద్ధి పుట్టింది. పేరు ‘మన విలువలు, మన కథలు’. పనిచేసే ప్రతివాళ్ళూ తామెవరో, కష్టాల్లో ఎలా నిలబడ్డారో, దేన్ని వదులుకోలేదో తలా ఒక పేజీ రాసివ్వాలి. టైపు చేయించి, నేను దిద్ది, అచ్చువేసి, పని ఇచ్చే కంపెనీలన్నిటికీ పంచుతారు. వాళ్ళు దాన్ని ఫైళ్ళ కింద పెట్టుకుంటారు. బల్ల ఊగకుండా ఉంటుంది.

యజమానిని నేను మనసులో మనంగారు అంటాను. ఆయనకు ‘మీరు’ అన్న మాట రాదు. ‘ఈ ఆదివారం మనం పనిచేస్తున్నాం’ అంటాడు. ఆదివారం మేం వస్తాం, ఆయన అత్తగారింటికి వెళ్తాడు. ‘మనం కాస్త జాగ్రత్తగా ఉండాలి’ అన్నాడంటే ఎవరికో మూడిందని అర్థం. ఎదుటివాళ్ళను కలుపుకోవడానికి ఒక చక్కటి మాట ఉంటే దాన్ని ఎదుటివాళ్ళ నెత్తిన పెట్టడానికి వాడుకునే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఇక కథలు. బైండరు ‘కష్టాలను చిరునవ్వుతో ఎదుర్కొన్నాను’ అని రాశాడు. ఇరవై ఆరేళ్ళుగా చూస్తున్నాను, పక్కవాడికి చీవాట్లు పడినప్పుడు తప్ప ఆ మనిషి పళ్ళు బయటపడలేదు. మిషన్ నడిపే ఆయనకు నిజాయితీయే ఊపిరట. ఆ ఊపిరి మధ్యాహ్నం మూడింటికి కాగితం కట్టల వెనకనుంచి గురకగా వినిపిస్తుంది. మేనేజరు నిలబడ్డాడట. గేటు దగ్గర మనిషి నిలబడ్డాడట. అందరూ నిలబడ్డవాళ్ళే అయితే ఇన్ని కుర్చీలు ఎవరి కోసం కొన్నట్టు?

ఇంకో విచిత్రం. ఐదుగురిలో నలుగురికి ఏదో ఒక సంఘటన ‘కల్లు తెరిపించింది’. కళ్ళు కాదు, తాగే కల్లు. ఏ సంఘటనో వచ్చి సీసా మూత తీసినట్టుంది. ళ రాయడం రానివాళ్ళకు విలువలొకటా? నాలుగు చోట్లా ఆకుపచ్చ సిరాతో ళ్ళ పెట్టి పంపాను. ప్రెస్సులో ఆకుపచ్చ సిరా నా ఒక్కదానికే. వెనకాల నన్ను కందిరీగ అంటారని తెలుసు. అననీ. కందిరీగకు కనీసం కుట్టడం వచ్చు.

పుస్తకంలో మొదటి కథ నాదే ఉండాలట. "ఇరవై ఆరేళ్ళలో ఒక్క తప్పు పోనివ్వని మనిషి మన దగ్గర ఉన్నారు. ఆవిడతోనే మనం మొదలుపెట్టాలి" అన్నాడు మనంగారు అందరి ముందూ. అలాగని నేనెప్పుడూ చెప్పుకోలేదు. కాదని కూడా అనలేదు.

జూన్ 4, మంగళవారం

నా కథ ఇంకా రాయలేదు. తీరిక లేదు.

జూన్ 6, గురువారం

పొద్దున్నే మందు కంపెనీ మనిషి వచ్చాడు. నేల తుడిచే మందు తయారుచేస్తారు వాళ్ళు. డబ్బాతోపాటు ఇచ్చే కరపత్రం ఏప్రిల్‌లో మా దగ్గరే అచ్చయింది. ఒక పాలు మందుకు పది పాళ్ళు నీళ్ళు కలపాలి. ఒక వంతుకు పది వంతులన్నమాట. కరపత్రంలో ‘ఒక పాలు నీళ్ళకు పది పాళ్ళు మందు’ అని పడింది. ఏదో బళ్ళో నేల తుడిచే ఆవిడ అందులో ఉన్నట్టే కలిపి గుడ్డ ముంచింది. రెండు చేతులూ మోచేతుల దాకా పొక్కిపోయాయట.

మనంగారు అందర్నీ తన గదిలోకి పిలిచాడు. కంపెనీ మనిషితో, "అయ్యా, ఎక్కడో చిన్న పొరపాటు దొర్లింది" అన్నాడు.

దొర్లింది! అచ్చు పరిశ్రమలో ఈ మాట అంటే నాకు ఒళ్ళు మంట. తప్పేమన్నా గుండ్రాయా, కొండమీద నుంచి దానంతటదే దొర్లుకుంటూ వచ్చి కాగితం మీద పడటానికి? ‘అచ్చుతప్పులు దొర్లినచో పాఠకులు మన్నించగలరు.’ ఎన్ని వందల పుస్తకాల్లో చూశానో. చేసినవాడు ఒక్కడూ ఉండడు, దొర్లిన తప్పులు మాత్రం బుట్టలకొద్దీ.

కంపెనీ మనిషి కూడా తక్కువవాడేం కాదు. అచ్చుకు ముందు వాళ్ళూ ఆ కాగితం చూసి సరేనన్నారు. చూసి అంటే పట్టుకుని. ఇప్పుడు మాత్రం గట్టిగా ఉన్నాడు. "దొర్లిందంటే కుదరదండీ. ఎవరు చేశారో ఒక పేరు కావాలి. లేకపోతే మా పని ఇంకో ప్రెస్సుకి వెళ్తుంది."

దిద్దిన షీటు తెమ్మన్నారు. టైపు చేసే ఆవిడ ఫైలంతా వెతికింది. మేం ఆవిడను టకటక అంటాం. వేళ్ళు అంత వేగం. షీటు ఇంకా కనబడలేదు. ఆవిడ తలెత్తి నావైపు చూసింది. నేను కళ్ళజోడు తుడుచుకుంటున్నాను.

ఏప్రిల్‌లో ఎన్నో షీట్లు చూశాను. ఏవని గుర్తుంటాయి? గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం కాదు నేను.

మధ్యాహ్నం పాత కాగితాల గదిలో కాసేపున్నాను. ఒకటే దుమ్ము, తుమ్ములు. సాయంత్రం గొడుగు చంకలో పెట్టుకుని ఇంటికొచ్చాను. వాన లేదు.

జూన్ 7, శుక్రవారం

టకటక గురించి ఉన్నమాట రాయాలంటే, ఆవిడ వేళ్ళు వేగమే కానీ బుర్ర వాడదు. కాగితం మీద ఉన్నది ఉన్నట్టు కొట్టేస్తుంది. పన్నెండేళ్ళుగా నా ఎదురు బల్ల. ఇద్దరు పిల్లలు, మంచానపడిన అత్తగారు. పుస్తకం కోసం తన కథ ఇంకా ఇవ్వలేదు. "నాకేం కథ ఉంది మేడమ్" అంటుంది. ఆ ఒక్క మాటా నచ్చింది. లేని కథ రాయనిది ప్రెస్సు మొత్తానికి ఆవిడే.

భోజనాల గదిలో పక్కకొచ్చి కూర్చుంది.

"మేడమ్, ఆ మందు కరపత్రం మీకు గుర్తుందా?"

"ఏ కరపత్రం?"

కాసేపు నా మొహం చూసింది. "ఏం లేదు మేడమ్" అని గిన్నె మూత పెట్టేసింది.

నోట్లో నాలుక లేని మనిషి. ఇలాంటివాళ్ళను చూస్తే జాలి కంటే ముందు చిరాకు వస్తుంది నాకు. అడగాలనుకున్నది అడగొచ్చుగా.

జూన్ 8, శనివారం

ఆ షీటు దొరకలేదు. దొరికితే మంచిదే.

జూన్ 11, మంగళవారం

మనంగారు నన్ను ఒక్కదాన్నే పిలిచాడు. తలుపు కూడా తనే వేశాడు. తలుపు వెయ్యడానికి ఎవర్నీ పిలవలేదంటే విషయం పెద్దదే.

"కంపెనీవాళ్ళకి మనం ఒక పేరు ఇవ్వాలి. టైపులో తప్పు కొట్టారని రాసి, ఈ నెలాఖరుకి ఆవిడ్ని పంపించేద్దాం అనుకుంటున్నాం. ఒక్క మాట చాలు. దిద్దినప్పుడు అది సరిగ్గానే ఉందా?"

"నా దగ్గరికి వచ్చినప్పుడు సరిగ్గానే ఉండి ఉంటుంది" అన్నాను.

"అంతే! మన పెద్దావిడ మాటే మనకి సాక్ష్యం" అని రాసేసుకున్నాడు.

ఇంటికి వచ్చేటప్పుడు దారి పొడుగునా ఆ వాక్యాన్ని తిప్పి తిప్పి చూశాను. నా దగ్గరికి వచ్చినప్పుడు అది సరిగ్గానే ఉంది. అది నిజం. పైగా నేను ‘ఉంది’ అనలేదు, ‘ఉండి ఉంటుంది’ అన్నాను. నా దగ్గర్నుంచి వెళ్ళేటప్పుడు ఎలా ఉందని ఆయన అడగలేదు. అడగనిదానికి నేనెందుకు చెప్పాలి? వ్యాకరణం ప్రకారం నేను అబద్ధం ఆడలేదు.

వ్యాకరణం ప్రకారం ఆడలేదు.

జూన్ 12, బుధవారం

వాన. వానే అన్నిటికీ మూలం.

మా అక్క టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ముప్పై రెండేళ్ళు పనిచేసి రిటైరైంది. ఇద్దరం ఒకే ఇంట్లో ఉంటాం. ఊరందరి మాటలూ విని ఒక్కటీ బయటపెట్టని మనిషి. నా విషయంలో మాత్రం ఆ నియమం లేదు. పొద్దున వీధిచివరి దుకాణానికి వెళ్దామని నా గొడుగు తీసింది. తెరిచేసరికి కాగితం జారి ఆమె నెత్తిన పడింది.

"ఏమే, గొడుగులో కాగితాలు దాచుకుంటున్నావేంటి?"

"అది పనికిరానిది. ఇలా ఇవ్వు."

"పనికిరానిదాన్ని చుట్టచుట్టి గొడుగులో పెట్టుకుంటారా ఎవరైనా?" కళ్ళజోడు తగిలించుకుంది. తీరిగ్గా చదివింది. దుకాణం సంగతి మర్చిపోయింది. "ఈ ఆకుపచ్చ రాత నీదేగా?"

"ఊరికే ఏదో..."

"నీదా, కాదా?"

"నాదే."

"మరి ఆ టైపు చేసే ఆవిడ మీద పడుతున్నారన్నావు?"

"నేనెక్కడ పడ్డాను? వాళ్ళు పడుతున్నారు."

"నిన్నడిగితే ఏం చెప్పావు?"

చెప్పాను. ఉండి ఉంటుంది అన్నానని. అక్క పెద్దగా నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు.

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగిందట. నీ పాలూ పాళ్ళూ అలాగే ఉన్నాయి."

"వ్యాకరణం ప్రకారం..."

"వ్యాకరణం నీ బీరువాలో పెట్టుకో. మనిషి లైన్లో ఉన్నా లేడని చెప్పడం నాకు చేతకాక కాదు. చెప్పిన రోజులూ ఉన్నాయి. ఆ రోజు ముద్ద దిగేది కాదు నాకు. నీకు దిగుతోందా?"

దిగుతోంది అన్నాను. పొద్దున్నించి ఏమీ తినలేదు. ఆకలి లేదు, అంతే. వాన పడితే నాకు ఆకలి ఉండదు.

జూన్ 13, గురువారం

నా కథ మొదలుపెట్టాను. ‘ఇరవై ఆరేళ్ళుగా ఒక్క తప్పు కూడా నా కళ్ళు దాటి’

ఆపేశాను. కలం సరిగ్గా రాయడం లేదు.

జూన్ 14, శుక్రవారం

మనంగారికి ఇంకో ఆలోచన. చేతులు పొక్కిన ఆవిడ దగ్గరికి మన తరఫున ఎవరైనా వెళ్ళాలి. పెద్దతరహాగా ఉండాలి. ఒక ఉత్తరం కూడా ఇవ్వాలి. ఉత్తరం నేనే రాశాను, నేనే పట్టుకెళ్ళాను. నాకంటే పెద్దతరహా ఈ ప్రెస్సులో ఎవరున్నారు?

బడి వెనక ఒక్క గది. తుడిచే ఆవిడకు యాభై దాటుంటాయి. చేతులు రెండూ కట్లలో ఉన్నాయి, దూదిబొమ్మ చేతుల్లా. గోడనిండా అచ్చు కాగితాలు. క్యాలెండర్ల మీది సూక్తులు, పిల్లలు పారేసిన పాఠాల పేజీలు, సబ్బు డబ్బా అట్టలు కూడా. అలంకారం అనుకుని మొహం చిట్లించాను.

"అవన్నీ చదవడానికమ్మా" అంది ఆవిడ. "నలభై దాటాక నేర్చుకున్నా చదువు. అప్పటినుంచి అచ్చు కనబడితే వదలను. మా బళ్ళో తుడిచేవాళ్ళం నలుగురం. మిగతా ముగ్గురూ కాగితం చూడరు, కంటితో కొలిచి పోసేస్తారు. వాళ్ళకేం కాలేదు. నేనొక్కదాన్నే చదివి చేశా."

"ఇంత మందేమిటని అనుమానం రాలేదా?" అన్నాను. తప్పు ఆవిడదే అన్నట్టు వినిపించింది నాకే.

"ఎందుకు రాలేదమ్మా! రెండుసార్లు చదివా. కానీ అచ్చులో ఉంది కదా. అచ్చులో ఉందంటే చదువుకున్నవాళ్ళెవరో చూసే వేసుంటారు, వాళ్ళకంటే నాకు తెలుసా అనుకున్నా."

ఉత్తరం ఇవ్వబోయాను. పట్టుకోవడానికి చేతులు లేవు. "మీరే చదవండమ్మా" అంది. చదివాను. ‘మా ముద్రణలో పొరపాటు దొర్లినందుకు మిక్కిలి చింతిస్తున్నాము.’

"దొర్లింది అంటే?"

"అంటే... జరిగిందని."

"ఎవరు చేసినట్టు?"

ఉత్తరం మడత పెట్టాను. ఆవిడకు కోపం లేదు. నిజంగానే అర్థం తెలుసుకోవాలని అడుగుతోంది. కొత్త మాట కనబడితే అడిగి తెలుసుకునే మనిషిలా ఉంది.

"అంటే ఎవరూ చెయ్యలేదనా?" అంది.

బస్సులో ఏడ్చాను. పక్క సీటావిడ కిటికీ మూసింది, దుమ్ము పడిందనుకుని.

జూన్ 15, శనివారం

ఏప్రిల్ సంగతి రాస్తాను. ఇక్కడైనా రాయకపోతే ఈ నోటుబుక్కు ఎందుకు?

కంపెనీవాళ్ళు రాసిచ్చిన కాగితం టైపుకు ముందే నా దగ్గరికి వచ్చింది. అందులో వాక్యం ఇది: ‘మందు ఒక పాలు, నీల్లు పది పాల్లు.’ చూడగానే అసహ్యం వేసింది. నీల్లట, పాల్లట. చదువుకున్న మూర్ఖులు. రెండు చోట్లా ళ్ళ పెట్టాను. అయినా తృప్తి లేదు, వాక్యం కుంటుతోంది. కొట్టేసి పక్కన ఆకుపచ్చ సిరాతో అందంగా తిరగరాశాను: ‘ఒక పాలు నీళ్ళకు పది పాళ్ళు మందు కలుపవలెను.’ ళ మీద ఉన్న శ్రద్ధ మందు మీద లేదు. అక్షరాలు చూసుకుని మురిసిపోయాను, అర్థం చూడలేదు.

టకటక ఆ షీటు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చింది. ఆ రోజు తెల్ల చీర కట్టుకుంది. అదీ గుర్తుంది నాకు. ఏ కరపత్రం అని అడిగానే, అంతా గుర్తుంది నాకు.

"మేడమ్, ఇది ఇలాగేనా?"

తలెత్తకుండానే చెప్పాను. "ఉన్నది ఉన్నట్టు కొట్టు. ఆలోచించడం నీ పని కాదు."

గురివింద గింజ తన నలుపు ఎరగదంటారు. నేను ఎరుగుదును. ఎరిగే షీటు గొడుగులో పెట్టుకున్నాను. బైండరు, మిషన్ నడిపేవాడు, మేనేజరు, వాళ్ళ అబద్ధాలకు ఎవరి చేతులూ పొక్కలేదు.

జూన్ 17, సోమవారం

షీటు తీసుకెళ్ళి మనంగారి బల్ల మీద పెట్టాను.

"నేను రాసింది ఇది. టకటక ఉన్నది ఉన్నట్టే కొట్టింది. పైగా నన్ను అడిగింది కూడా. నేనే కసిరి పంపాను."

ఆయన చాలాసేపు చూశాడు. కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి సొరుగులో వేసి తాళం వేశాడు.

"ఈ కాగితం మనం చూడలేదు."

"అదేమిటి?"

"మన పుస్తకం మొదటి పేజీలో ఎవరి పేరుంది? పని ఇచ్చే ప్రతి కంపెనీకి మనం ఏం చెప్పుకుంటున్నాం? ఆవిడ కంటబడితే తప్పుండదని. రేపు ఆవిడే తప్పు చేసిందంటే మనకి ఏం మిగుల్తుంది? టైపు చేసేవాళ్ళు ఎంతమందైనా దొరుకుతారు. తిలాపాపం తలా పిడికెడు. మనం దీన్ని ఇక్కడితో వదిలేద్దాం."

"నా పిడికెడు ఆవిడ నోట్లో ఎందుకు?" అన్నాను.

"కథ రేపటికి కావాలి" అన్నాడు.

ఇన్నాళ్ళూ మనంగారంటే ఏవగించుకున్నాను. మొన్నటిదాకా ఆయన సొరుగుకీ నా గొడుగుకీ తేడా ఏముంది?

భయంగా ఉంది. యాభై నాలుగేళ్ళు వచ్చాయి. ఆ పేరు తప్ప నా దగ్గర ఏమీ లేదు. ‘తప్పు పోనివ్వని మనిషి’. అది తీసేస్తే అద్దంలో కనబడేది ఎవరో నాకు తెలియదు. అక్కతో ఆ మాటే అన్నాను.

"ఎవరో ఒకరు కనబడతారులే. ఎవరూ కనబడకపోతే నన్ను పిలు, వచ్చి చూస్తా" అంది.

జూన్ 18, మంగళవారం

కథ రాశాను. ఒక్క గంటలో అయిపోయింది. టకటక బల్ల మీద పెట్టి నా కుర్చీలో కూర్చున్నాను. టకటకమని మొదలైన చప్పుడు నాలుగో వరుసలో ఆగిపోయింది. పన్నెండేళ్ళలో ఆ చప్పుడు మధ్యలో ఆగడం రెండోసారి వింటున్నాను.

కాగితం పట్టుకుని వచ్చింది. మొహం పాలిపోయింది.

"మేడమ్, ఇది ఇలాగేనా?"

ఈసారి తలెత్తాను. "కూర్చో. నువ్వే చదివి చెప్పు, సరిగ్గా ఉందో లేదో."

కూర్చుంది. పెదాలు కదుపుతూ చదివింది. ఆవిడ ఇంత నిదానంగా చదవగలదని నాకు తెలియదు. తెలుసుకోవాలని ఎప్పుడూ అనుకోలేదు కూడా.

"ఒకచోట బాలేదు మేడమ్."

"ఎక్కడ?"

"‘నా చేతుల మీదుగా ఒక తప్పు జరిగింది’ అని రాశారు."

"అయితే?"

"జరిగింది అంటే..." కాసేపు తటపటాయించింది. తర్వాత ఒక్కసారిగా అనేసింది. "‘చేశాను’ అని ఉండాలి కదండీ?"

ఎంత జాగ్రత్తగా రాశాను! దొర్లింది అనలేదు కదా అని మురిసిపోయాను కూడా. దొర్లింది పోయి జరిగింది వచ్చింది. గోడ దూకిన దొంగ కిటికీలోంచి వచ్చినట్టు. ఆకుపచ్చ కలం ఆవిడ చేతికిచ్చాను. "దిద్దు" అన్నాను. మొదట పుచ్చుకోలేదు. తర్వాత పుచ్చుకుని, జరిగింది కొట్టేసి, గుండ్రటి అక్షరాలతో రాసింది: ‘నేను ఒక తప్పు చేశాను.’

"మీ ఉద్యోగం పోతుంది మేడమ్" అంది.

"పోతే ఒకరిదే పోతుంది. టైపు చెయ్యి."

పేజీ తయారయ్యాక చివర ఒక వాక్యం చోటు మిగిలింది. ఒకటి చేతిరాతతో కలిపి ఇచ్చాను. మనంగారు అచ్చుకు ముందు ఏదీ చదవడు. ఈ ప్రెస్సులో అచ్చయ్యేదాన్ని ఎవరూ చదవరు. ఆ విషయంలో మాత్రం నా అంచనా ఎప్పుడూ తప్పలేదు.

జూన్ 22, శనివారం

సభ. పుస్తకాలు అతిథుల ఒళ్ళో పెట్టారు. మనంగారు మైకు పట్టుకుని ‘మన విలువలు’ అని మొదలుపెట్టాడు. పదో నిమిషానికి మందు కంపెనీ మనిషికి ఆ ఉపన్యాసం వినడం కంటే పుస్తకం చదవడమే నయమనిపించినట్టుంది. మొదటి పేజీ తెరిచాడు. చదివాడు. మళ్ళీ చదివాడు. పక్కాయనకు చూపించాడు. పక్కాయన తన పుస్తకం తెరిచాడు. అలా వరసంతా పేజీలు తిరిగిన చప్పుడు. నా జీవితంలో ఒక సభ మొత్తం చదవడం నేను చూసింది అదే.

బైండరు నావైపు చూసి నవ్వబోయి ఆగిపోయాడు. ఎవరికి చీవాట్లు పడతాయో తేలలేదు కాబోలు.

సభ అయ్యాక కంపెనీ మనిషి టకటక దగ్గరికి వెళ్ళి రెండు చేతులూ జోడించాడు. ఆవిడ నన్ను చూసింది. తర్వాత మనంగారు నన్ను మెట్ల దగ్గర ఆపాడు.

"మీరు ఏం చేశారో మీకు తెలుస్తోందా?"

మీరు! ఇరవై ఆరేళ్ళలో మొదటిసారి ఆయన నోట ఆ మాట విన్నాను. భాష వచ్చు, వాడటం లేదన్నమాట ఇన్నాళ్ళూ.

"తెలుస్తోంది. నేను చేశాను కాబట్టి" అన్నాను.

జూన్ 29, శనివారం

టకటక ఉద్యోగం ఉంది. నాది లేదు. ఆకుపచ్చ కలం ఆవిడ బల్ల మీదే వదిలి వచ్చాను. అక్క గొడుగు తీసుకుని నాకోసం గేటు దాకా వచ్చింది. తెరిచి, లోపల తొంగిచూసి, "ఈసారి ఏమీ లేదు" అని నెత్తిన పట్టింది. వాన లేదు.

జూలై 7, ఆదివారం

తుడిచే ఆవిడకు పుస్తకం ఇవ్వడానికి వెళ్ళాను. కట్లు తీసేశారు. చర్మం ఇంకా ఎర్రగా, లేతగా ఉంది. ఆ చేతులు చూడటం కష్టమైంది. చూశాను.

ఈసారి తనే పట్టుకుంది పుస్తకాన్ని. మొదటి పేజీ మీద వేలు పెట్టుకుని, ఒక్కో మాటా పైకి చదివింది. ‘నేను ఒక తప్పు చేశాను’ దగ్గర వేలు ఆగింది. నావైపు చూసింది.

"మీరా అమ్మా?"

"నేనే."

తల ఊపింది. క్షమించానని అనలేదు. ఫర్వాలేదని కూడా అనలేదు. నేనూ అడగలేదు. మళ్ళీ వేలు కదిలింది, వరుస తర్వాత వరుస. చిట్టచివర, నేను చేతిరాతతో కలిపిన వాక్యం దగ్గర మళ్ళీ ఆగింది. కాగితాన్ని కళ్ళకు దగ్గరగా పెట్టుకుంది.

"ఇక్కడ ‘మీ చేతులు నా కల్లు తెరిపించాయి’ అని ఉంది. కల్లేంటమ్మా? నేనెప్పుడు తెరిచాను మీ కల్లు?"

లాక్కుని చూశాను. కల్లే. మొదటి పేజీలో, నా పేరు కింద, తాగే కల్లు. టకటక ఉన్నది ఉన్నట్టే కొట్టి ఉంటుంది. అది నా రాతే.

"అది..." అన్నాను. అలవాటైన మాట నాలుక చివరిదాకా వచ్చింది. పళ్ళ మధ్య పట్టి ఆపాను.

"అదీ నేనే చేశానమ్మా" అన్నాను.

ఆవిడ పడీపడీ నవ్వింది. తర్వాత బల్ల మీదున్న పెన్సిలు ముక్క ఆ ఎర్రటి వేళ్ళతో పట్టుకుని, నాలుక బయటపెట్టి, నిదానంగా దిద్దింది. ళ్ళ కొంచెం వంకరగా వచ్చింది. తప్పు మాత్రం లేదు.